వెళ్ళే దారి తెలిసింది... మరి వచ్చే దారి?

2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వదిన బొటిక్‌లోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. కుట్టుమిషన్లు తడిశాయి. సగం కుట్టిన జాకెట్లు తడిశాయి. అదంతా ఒక ఎత్తు. నీళ్ళు తీశాక వదిన కళ్ళనీళ్ళు పెట్టుకున్నది మాత్రం నాలుగు లాంగ్ నోటుపుస్తకాలు చూసి. తొమ్మిదేళ్ళుగా రాసుకున్న కొలతలు! ఎవరికి మెడ ఎంత దించాలి, ఎవరికి చెయ్యి ఎంత పొడుగు, ఎవరికి కుడి భుజం కాస్త జారుతుంది, ఎవరు ఎంత బాకీ... అన్నీ కలిసి నీలంరంగు నీళ్ళయిపోయాయి.

అందుకే నెల తర్వాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కుర్రాడొకడు వచ్చి "ఇంకా పుస్తకాలెందుకు మేడమ్? అన్నీ క్లౌడ్‌లో పెట్టేద్దాం. వరదొచ్చినా, దొంగలు పడినా మీ లెక్కలు ఎక్కడికీ పోవు" అనగానే వదిన మారు మాట్లాడకుండా డబ్బు కట్టేసింది. ఏడాదికి 2,400 రూపాయలు. నిజం చెప్పాలంటే అది బాగానే పనిచేసింది. పాత కస్టమర్లందరినీ మళ్ళీ పిలిచి కొలతలు తీసుకుంది. ఫోన్లో పేరు కొడితే చాలు, కొలతలూ పాత డిజైన్ల ఫోటోలూ వచ్చేసేవి. జాకెట్టు తయారవగానే కస్టమర్‌కి మెసేజ్ వెళ్ళేది. "ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టుకోలేదా అనిపిస్తోంది" అని మాకందరికీ చెప్పేది.

ఏడాది తిరిగింది. రెన్యువల్‌కి వాళ్ళు అడిగింది 9,600. "మొదటి ఏడాది ఆఫర్ మేడమ్, ఇప్పుడు అసలు రేటు" అన్నారు. వేరే కంపెనీవాళ్ళు మూడు వేలకే ఇస్తామన్నారు. సరే, మారిపోదాం అనుకుంది వదిన. పాత వాళ్ళకి ఫోన్ చేసింది.

"నా కొలతలన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి బాబూ."

"బిల్లులైతే పి.డి.ఎఫ్.లో వస్తాయి మేడమ్. కొలతలు మా సాఫ్ట్‌వేర్లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు."

"అవి నా కస్టమర్ల కొలతలయ్యా! నేను కొట్టినవి!"

"అవును మేడమ్, మీవే. కానీ..."

ఈ 'కానీ' ఒక్క మా వదినకే ఎదురైంది కాదు. పచ్చళ్ళ వ్యాపారం చేసే ఆవిడకి ఆర్డర్ల పట్టీ, ట్యూషన్ సెంటర్ నడిపే టీచరమ్మకి ఫీజుల లెక్క, బ్యూటీ పార్లర్ ఆవిడకి అపాయింట్‌మెంట్లు... అందరివీ మెల్లమెల్లగా ఇలాంటి చోటికే చేరుతున్నాయి. చేరడం తప్పు కాదు. పద్మవ్యూహంలోకి వెళ్ళడం అభిమన్యుడికి బాగానే తెలుసు. రావడమే తెలీదు. వ్యాపారం చేసేవాళ్ళు దీన్ని 'వెండర్ లాకిన్' అంటారు. అంటే అమ్మినవాడి దగ్గరే మనకు తాళం పడిపోవడం.

అద్దెకున్నవాడికి అద్దెకుండటం

క్లౌడ్ అంటే మబ్బూ కాదు, మాయా కాదు. మనది కాని కంప్యూటరు. ఎక్కడో పెద్ద హాల్లో వేలకొద్దీ కంప్యూటర్లు, వాటికి ఏసీలు, జనరేటర్లు, కాపలా... అందులో మనకు కావలసినంత చోటు అద్దెకు తీసుకుంటాం. అమెజాన్ 2006లో ఈ అద్దె వ్యాపారం మొదలుపెట్టింది. తర్వాత మైక్రోసాఫ్ట్, గూగుల్ వచ్చాయి. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో మన హైదరాబాద్‌లో ఇలాంటి కేంద్రాలు తెరిచింది.

మా వదిన డబ్బు కట్టింది ఈ పెద్ద కంపెనీలకు కాదు. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి. ఆ చిన్న కంపెనీ మళ్ళీ ఇలాంటి పెద్దవాళ్ళలో ఎవరో ఒకరి దగ్గర చోటు తీసుకుంటుంది. అంటే మనం అద్దెకున్న వాటా యజమాని తనే ఇంకొకరి ఇంట్లో అద్దెకున్నాడన్నమాట. అక్కడ అద్దె పెరిగితే ఇక్కడా పెరుగుతుంది. ఆయన మూటాముల్లె సర్దుకుంటే మన సామానూ వీధిలో ఉంటుంది.

ఇది సరిగ్గా అర్థం కాక నా స్నేహితురాలి కూతుర్ని అడిగాను. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఇదే పని ఆ అమ్మాయిది. కంపెనీల సమాచారాన్ని ఒక క్లౌడ్ నుంచి ఇంకో క్లౌడ్‌కి మార్చడం. ఫోన్లో పెద్దగా నవ్వి, "ఆంటీ, మీరు పెళ్ళయ్యాక ఎన్ని ఇళ్ళు మారారు?" అంది.

"ఏడు."

"మారినప్పుడల్లా బీరువా తీసుకెళ్ళారు కదా! మరి గోడలో చేయించుకున్న అల్మారా?"

అది ఎలా తీసుకెళ్తాం! కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు ముచ్చటపడి వంటింట్లో గోడకి చెక్కపని చేయించుకున్నాం. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఒక అరా ఊడదీయబోతే పెచ్చులు రాలి, చివరికి అడ్వాన్సులో కోత పడింది. మా ఆయన ఇప్పటికీ అది గుర్తుచేస్తూనే ఉంటారు.

"అదే ఆంటీ లాకిన్ అంటే" అంది ఆ అమ్మాయి. సమాచారం దాచుకోవడానికి పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్‌లున్నాయి. వీటిని అందరూ వాడతారు, ఏ క్లౌడ్‌లోనైనా నడుస్తాయి. ఇవి బీరువాల్లాంటివి. ఎత్తి లారీలో వేసుకుని పోవచ్చు. ఇవి కాక ప్రతి కంపెనీకీ తన సొంత సరుకు కూడా ఉంటుంది. అమెజాన్ వారి డైనమోడీబీ అలాంటిదే. వేగంగా ఉంటుంది, మన నెత్తిన పని ఉండదు. కానీ అచ్చం అలాంటిదే పక్కింట్లో ఉండదు. దాన్ని నమ్ముకుని ప్రోగ్రాం రాసుకున్నవాళ్ళు ఇల్లు మారాలంటే ఆ ప్రోగ్రాంలో చాలాభాగం మళ్ళీ రాసుకోవాలి.

"మరి తెలిసీ ఎందుకు వాడతారే?" అన్నాను.

"గోడ అల్మారా ఎంత సుఖమో మీకు తెలీదా ఆంటీ? పైగా కొత్త కంపెనీలకి మొదట్లో పెద్దవాళ్ళు కొన్నాళ్ళు ఉచితంగా వాడుకోనిస్తారు. ఆ ఉచితంలో ఎక్కువగా అల్మారాలే అలవాటవుతాయి."

ఈ మధ్య సామాను అట్టపెట్టెల్లో సర్దినట్టు ప్రోగ్రాములను కంటెయినర్లలో కట్టి పెట్టుకునే పద్ధతి వచ్చింది. ఆ పెట్టెలను నడిపించే కుబెర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్‌ని గూగుల్ 2014లో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఏ క్లౌడ్‌లోనైనా అది ఉంటుంది. అయితే పెట్టెలు మారాయని ఇల్లు మారిపోయినట్టు కాదంటుంది ఆ అమ్మాయి. గ్యాస్ కనెక్షన్, నీళ్ళ మోటారు, తాళాలు... ఇవన్నీ మళ్ళీ అక్కడ చూసుకోవలసిందే కదా!

లోపలికి ఉచితం, బయటికి టికెట్టు

నాకు అన్నిటికంటే విడ్డూరంగా అనిపించింది ఇది. క్లౌడ్‌లోకి మన సమాచారం పంపడానికి సాధారణంగా పైసా తీసుకోరు. బయటికి తెచ్చుకోవడానికి మాత్రం డబ్బు కట్టాలి! అమెజాన్ ముంబై కేంద్రంలో నెలకు మొదటి 100 జీబీ ఉచితం. ఆపైన జీబీకి సుమారు 11 సెంట్లు. వెయ్యి జీబీ ఉన్నవాళ్ళకి ఎనిమిది తొమ్మిది వేల రూపాయలు పడుతుంది. బొటిక్ కొలతలు ఒక జీబీ కూడా ఉండవు కాబట్టి మా వదినకి ఇది లెక్కలోది కాదు. అదే పెళ్ళిళ్ళ వీడియోలు తీసే స్టూడియోనో, స్కానింగ్ సెంటరో అయితే? పెద్ద కంపెనీల సంగతి సరేసరి.

బ్రిటన్‌లో పోటీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఈ క్లౌడ్ వ్యాపారం మీద విచారణ చేసి 2025 జులైలో తుది నివేదిక ఇచ్చింది. ఏడాదికి నూటికి ఒక్కరు కూడా క్లౌడ్ కంపెనీ మారడం లేదని అందులో ఉంది. అందరికీ అంత బాగా నచ్చేసిందా, లేక కదల్లేకపోతున్నారా? రెండోదే ఎక్కువని ఆ సంస్థ అభిప్రాయం.

కదిలినవాళ్ళూ లేకపోలేదు. ఫైళ్ళు దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ కంపెనీ పుట్టింది మొదలు అమెజాన్ దగ్గరే చోటు తీసుకుంది. 2015-16లో తన కస్టమర్ల సమాచారంలో నూటికి తొంభై వంతులు సొంత యంత్రాల మీదికి తెచ్చుకుంది. ఆ తర్వాతి రెండేళ్ళలో దాదాపు ఏడున్నర కోట్ల డాలర్లు మిగిలాయని 2018లో తన షేర్ల దరఖాస్తులో రాసుకుంది. అమెరికాలోనే 37సిగ్నల్స్ అనే చిన్న కంపెనీ, బేస్‌క్యాంప్ సాఫ్ట్‌వేర్ వాళ్ళది, 2022లో క్లౌడ్‌కి 32 లక్షల డాలర్లు కట్టి, "ఇక చాలు" అనుకుని సొంత సర్వర్లు కొనుక్కుంది. వాళ్ళు అంత త్వరగా బయటపడటానికి కారణం, వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా అందరూ వాడే మైఎస్‌క్యూఎల్ లాంటి వాటి మీదే నడవడం. బీరువాలే తప్ప గోడ అల్మారాలు పెద్దగా పెట్టుకోలేదన్నమాట.

ఇలా సొంత సర్వర్లు కొనుక్కోమని నేను ఎవరికీ చెప్పడం లేదు. మనకంత డబ్బూ లేదు, వాటిని చూసుకునే మనుషులూ లేరు. వెళ్ళగలిగినవాళ్ళ దగ్గర ఏముందో చూడమంటున్నానంతే.

తలుపు మూసేస్తే?

రేటు పెరగడం చిన్న బాధ. అసలు ఒకరోజు పొద్దున్నే లేచేసరికి తలుపే తెరుచుకోకపోతే?

2025 జులైలో సరిగ్గా అదే జరిగింది. గుజరాత్‌లోని వాడినార్‌లో పెద్ద చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీలో రష్యా కంపెనీకి వాటా ఉంది. యూరోపియన్ యూనియన్ జులై 18న దాని మీద ఆంక్షలు పెట్టింది. కొద్దిరోజులకే మైక్రోసాఫ్ట్ తన సేవలను ఆపేసింది. ఈమెయిళ్ళు లేవు, ఉద్యోగులు మాట్లాడుకునే టీమ్స్ లేదు. డబ్బు కట్టాం, లైసెన్సులు ఉన్నాయి, అయినా మా సమాచారం మాకే అందడం లేదంటూ ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఈలోగా ఈమెయిల్ కోసం మన దేశపు రీడిఫ్‌ని ఆశ్రయించిందని పత్రికలు రాశాయి. నెలాఖరుకు మైక్రోసాఫ్ట్ సేవలు తిరిగి ఇచ్చింది. అంత పెద్ద కంపెనీ కాబట్టి హైకోర్టు దాకా వెళ్ళగలిగింది. మా వదిన వెళ్తుందా? 9,600 కోసం!

ఇంకొకటి. ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పింఛను నిధి ఉంది. ఆరు లక్షల మందికి పైగా సభ్యులు. దాని కంప్యూటర్ వ్యవస్థ గూగుల్ క్లౌడ్‌లో ఉండేది. 2024 మే మొదట్లో అందులో ఒక ముఖ్యభాగం తుడిచిపెట్టుకుపోయింది! వారానికి పైగా సభ్యులు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. గూగుల్ తర్వాత చెప్పిన కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. వ్యవస్థను ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ వాళ్ళే ఒక గడి ఖాళీగా వదిలేశారట. దాంతో ఏడాది గడువని దానంతటదే రాసుకుని, ఏడాది కాగానే దానంతటదే చెరిపేసుకుంది.

వాళ్ళ అదృష్టం... కాదు, అదృష్టమనకూడదు. వాళ్ళ ముందుచూపు ఏమిటంటే, ఇంకో కంపెనీ దగ్గర కూడా ఒక కాపీ పెట్టుకున్నారు. తిరిగి నిలబెట్టుకోవడానికి అది ఎంతో ఉపయోగపడింది. పాతకాలంలో మన అమ్మమ్మలు దస్తావేజుల నకళ్ళు పుట్టింట్లో ఒకటి దాచి ఉంచేవారు, గుర్తుందా? అదే పని.

ఫోన్ నంబరుకి వచ్చిన హక్కు

ఒకప్పుడు సెల్‌ఫోన్ కంపెనీ మార్చాలంటే నంబరు వదులుకోవాలి. చుట్టాలకీ, స్కూలుకీ, బ్యాంకుకీ అందరికీ కొత్త నంబరు చెప్పుకోవాలి. ఆ బాధ పడలేక సిగ్నల్ అందకపోయినా పాత కంపెనీనే పట్టుకుని వేలాడేవాళ్ళం. 2011 జనవరి 20న దేశమంతటా నంబరు మారకుండా కంపెనీ మారే సదుపాయం వచ్చింది. కంపెనీలు ముచ్చటపడి ఇచ్చింది కాదది. ప్రభుత్వం ఇవ్వమంది, ఇచ్చాయి.

క్లౌడ్ విషయంలో యూరప్ ఆ పనిచేసింది. వాళ్ళ డేటా చట్టం 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది. కస్టమర్ వెళ్ళిపోతానంటే రెండు నెలలకు మించి నోటీసు అడగకూడదు. సమాచారం ఇంకోచోట తెరుచుకునే రూపంలో ఇవ్వాలి. 2027 జనవరి 12 నుంచి మారినందుకు ఫీజు అసలే వసూలు చేయకూడదని చట్టంలోనే తేదీ వేసిపెట్టారు. ఆ చట్టం అమలు కాకముందే, 2024 జనవరిలో గూగుల్, మార్చిలో అమెజాన్, మైక్రోసాఫ్ట్... పూర్తిగా ఖాళీ చేసి వెళ్ళిపోయేవాళ్ళకి బయటికి తెచ్చుకునే ఫీజు మాఫీ చేస్తామని ప్రకటించాయి. అడగాలి, దరఖాస్తు పెట్టుకోవాలి. అయినా నయమే.

మన దగ్గర? 2019లో పార్లమెంటులో పెట్టిన వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లులో, మన సమాచారాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోయే హక్కు ఉండేది. 2023లో చట్టమయ్యేసరికి అది లేదు. ఎందుకు తీసేశారో గానీ, నంబరుకు ఇచ్చిన హక్కు కొలతల పుస్తకానికి ఇవ్వకపోవడం నాకైతే అన్యాయంగానే తోస్తుంది. కాబట్టి మనకున్నదల్లా మనం సంతకం చేసే కాగితం. డబ్బు కట్టేముందు అందులో ఏముందో చూసుకోవడం.

సంబంధం కుదరకముందే...

అందుకే ఆ మాదాపూర్ అమ్మాయి మాటల్లో చెప్పాలంటే, "మీ సాఫ్ట్‌వేర్లో ఏమేం ఉన్నాయి?" అన్న ప్రశ్న రెండోది. మొదటిది "నేను మానేస్తే నా సమాచారం నాకు ఎలా ఇస్తారు?" అన్నది. అడగడానికి మొహమాటపడకండి. "ఇంకా చేరకుండానే మానేయడం గురించి ఏమిటి మేడమ్!" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఎక్సెల్లోనో, సి.ఎస్.వి. అనే మామూలు ఫైలు రూపంలోనో వస్తుందా? అన్నీ వస్తాయా, బిల్లుల వరకేనా? దానికి వేరే డబ్బులా? మానేశాక ఎన్నాళ్ళు ఉంచుతారు? జవాబు నోటిమాటగా కాక ఈమెయిల్లో ఇమ్మనండి.

పి.డి.ఎఫ్. ఇస్తాం అంటే ఒప్పుకోకండి. అది చదువుకోవడానికి పనికొస్తుంది తప్ప ఇంకో సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించుకోవడానికి పనికిరాదు. ఫోటో తీసిన వంటల పుస్తకం లాంటిది. చూసి మళ్ళీ రాసుకోవలసిందే.

ఉచితంగా వాడి చూసే రోజులుంటాయి కదా, పదిహేను రోజులో నెలో... ఆ రోజుల్లో అందరూ బిల్లు కొట్టి చూస్తారు. మీరు ఒక పది మంది కస్టమర్ల పేర్లెక్కించి, ఆ ఫైలు బయటికి తీసి చూడండి. చాలా బయటపడతాయి. తెలుగులో కొట్టిన పేర్లు ఎక్సెల్లో పిచ్చిగీతల్లా కనిపించవచ్చు. కంగారు పడకండి. ఫైలుని నేరుగా తెరవకుండా ఎక్సెల్‌లోని 'డేటా' మెనూ ద్వారా తెచ్చుకుని, యు.టి.ఎఫ్.-8 అన్నది ఎంచుకుంటే అక్షరాలు సరిగ్గా వస్తాయి. ముందు 91 కలిపిన ఫోన్ నంబర్లు మధ్యలో చుక్క, చివర ఇ అక్షరంతో ఏదో లెక్కల మాస్టారి కూడికలా కనిపిస్తాయి. ఆ గడులను 'నంబరు'గా మార్చుకుంటే సరి.

ఫోటోల దగ్గర మాత్రం అసలు మెలిక ఉంది. బయటికొచ్చిన ఫైల్లో ఫోటోలుండవు, వాటి లింకులుంటాయి. నొక్కితే బొమ్మ వస్తుంది కాబట్టి అంతా వచ్చేసిందనుకుంటాం. ఖాతా మూతపడ్డ రోజు ఆ లింకులూ మూతపడతాయి. అందుకని ఫోటోలు విడిగా దింపుకోవాలి. మా వదిన దీన్ని చివరి నిమిషంలో పట్టుకుంది గానీ లేకపోతే వర్కు జాకెట్ల డిజైన్లన్నీ పోయేవే.

జి.ఎస్.టి.లో రిజిస్టర్ అయినవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఏ సంవత్సరం లెక్కలైనా, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఆరేళ్ళు! సాఫ్ట్‌వేర్ కంపెనీ మారిపోయింది, పాతవి కనిపించడం లేదు అంటే ఆఫీసరు ఊరుకోడు.

పేరు ఎవరిది?

మా వదిన విషయంలో తవ్వేకొద్దీ ఇంకోటి బయటపడింది. బొటిక్‌కి చిన్న వెబ్‌సైటు ఉంది. అది చేసిపెట్టిన కుర్రాడు వెబ్‌సైట్ పేరుని తన పేరు మీద, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. మోసం కాదు, పాపం. తొందరలో చేసేశాడు. కానీ ఇప్పుడతను బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాడు. పది ఫోన్లు చేస్తే ఒకటి ఎత్తుతాడు. ఆ పేరు ఇంకోచోటికి మార్చాలంటే ఒక కోడ్ కావాలి. అది అతని ఖాతాలోంచే రావాలి. ఇల్లు మనదే, పట్టా మాత్రం మేస్త్రీ పేరున ఉన్నట్టు!

మీ వెబ్‌సైట్ పేరు, బిల్లింగ్ ఖాతా, ఆర్డర్లు వచ్చే ఫోన్ నంబరు, ఇవి మూడూ ఎవరి పేరున, ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయో ఈ సాయంత్రమే చూసుకోండి. ఓ.టి.పి. ఎవరి ఫోన్‌కి వస్తోందో చూసుకోండి. మానేసిన అకౌంటెంట్ ఫోన్‌కి వస్తూ ఉంటే మాత్రం మీ తాళంచెవి ఆయన జేబులో ఉన్నట్టే.

ఇదంతా చదివి క్లౌడే వద్దనుకుంటారేమో. అలా అనుకోకండి. నోటుపుస్తకాలే ఉంటే ఇంకో వరదకి మళ్ళీ నీలంరంగు నీళ్ళే. అలాగని రెండు కంపెనీల్లో రెండు ఖాతాలు నడపమనీ చెప్పను. ఆ మాదాపూర్ అమ్మాయిని అడిగితే తనూ వద్దంది. "పెద్ద కంపెనీలు కొన్ని అలా రెండు క్లౌడ్‌లలో నడుపుతాయి ఆంటీ. ఖర్చు రెండింతలు, తలనొప్పి మూడింతలు. అన్నీ ఎప్పుడైనా మారేలా ఉండాలని పట్టుపడితే ఏ సౌకర్యమూ వాడుకోలేరు. పోతే ప్రాణం పోయేవి ఏవో వాటిని మాత్రం బీరువాలో పెట్టుకోవాలి. మిగతావి గోడ అల్మారాలో ఉన్నా ఫర్వాలేదు" అంది. మా వదినకి ప్రాణం పోయేవి కొలతలూ, బాకీలూ. మెసేజ్‌లు ఎంత అందంగా వెళ్తున్నాయన్నది కాదు.

చివరికి ఏం చేసిందంటే, ఒక్క నెలకి డబ్బు కట్టి గడువు తెచ్చుకుంది. మా మేనకోడలు, బొటిక్‌లో కుట్టే ఇద్దరు అమ్మాయిలు, రాత్రి ఎనిమిదింటికి షాపు మూశాక ఫోన్లో ఒక్కో కస్టమర్ని తెరిచి ఎక్సెల్లోకి ఎక్కించారు. ఒకరు చదవడం, ఒకరు కొట్టడం, ఒకరు సరిచూడటం. ఆరువందల పైచిలుకు పేర్లు, పదకొండు రాత్రులు. టీలూ, ఉప్మాలూ వదిన ఖర్చు. "అక్కా, ఈవిడ నడుం చూశారా, ఏడాదిలో నాలుగంగుళాలు పెరిగింది" అని నవ్వుకోవడాలూ ఉన్నాయి మధ్యమధ్యలో.

పని పూర్తయ్యాక వదిన మళ్ళీ ఆ కంపెనీకి ఫోన్ చేసింది. నా దగ్గర కాపీ ఉంది, పోయిన నెలతో సరి, సెలవిప్పించండి అని చెప్పింది. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత మేనేజర్ మాట్లాడాడు. 3,500కి ఇస్తామన్నాడు. కొలతలు కూడా ఎక్సెల్లో దింపుకునే ఏర్పాటు చేస్తామని ఈమెయిల్ పంపాడు. వారంలో చేశాడు కూడా!

వదిన అక్కడే ఉండిపోయింది. నాకు ఒళ్ళు మండి, "ఇంత చేశాక మళ్ళీ వాళ్ళ దగ్గరేనా?" అన్నాను.

"అమ్మాయిలకి అది అలవాటైపోయింది. ఎందుకు మార్చడం?" అంది. అని, ఎదురుగా ఉన్న చిన్న పెన్‌డ్రైవ్ తీసి చూపించింది. శనివారం షాపు మూసేముందు ఆ వారం కొలతలు అందులోకి దింపుతుందట. ఆదివారం అది మా అన్నయ్య చేత వాళ్ళమ్మగారింటికి, మొగల్రాజపురం పంపిస్తుంది. వాళ్ళది రెండో అంతస్తు.